నిమ్మకాయ, అయస్కాంతం, డీజిల్ ఫిల్టరు

డీజిల్ కారు ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతోందని నలుగురిలో అనండి చాలు, కారణాలు చెప్పేవాళ్ళకి మన దేశంలో కొదవ ఉండదు. మా వ్యాపార్ విహార్‌లో అసలే ఉండదు. బిలాస్‌పూర్‌లో ఇది టోకు వర్తకుల పేట. పొద్దున లేస్తే లారీలు, గోదాములు, బస్తాలు. అందుచేత ఇక్కడ ప్రతివాడూ డీజిల్ విషయంలో సగం డాక్టరు. 2024 అక్టోబరులో మా కారుకి ఆ జబ్బు వచ్చినప్పుడు రెండు వారాల్లో నాకు అందిన రోగనిర్ధారణలు ఇవి: బంకువాడు కిరసనాయిలు కలుపుతున్నాడు. కొత్త బి.ఎస్.-6 డీజిల్ పాత ఇంజన్లకి పడదు. ఇంజెక్టర్లు పోయాయి, నాలుగూ మార్చాలి. ఇంజనుకి వెళ్ళే పైపు మీద అయస్కాంతం బిగిస్తే డీజిల్ కణాలు విడిపోయి బాగా మండుతాయి. చివరగా మా అక్కయ్యది: దిష్టి తగిలింది. ఇన్ని చెప్పిన వాళ్ళలో ఇంజెక్టర్ల మెకానిక్కు తప్ప ఒక్కరూ బానెట్ ఎత్తలేదు. ఆయన కూడా ఎత్తి, చెవి పెట్టి విని, దించేశాడు. చెప్పిన ఖర్చు రూ. 68,000.

కారు కంపెనీ పేరు అనవసరం. 2013 మోడల్ చిన్న డీజిల్ కారు, అప్పటికి 82,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంటి ముందు నిలబెట్టి ఇంజను వేస్తే హాయిగా ఆడుతుంది. ఊళ్ళో తిరిగినంతసేపూ ఏమీ తెలియదు. తిఫ్రా ఓవర్‌బ్రిడ్జి ఎక్కేటప్పుడూ, రాయపూర్ రోడ్డు మీద 80 దాటించబోయినప్పుడూ మాత్రం ఎవరో వెనకనుంచి పట్టుకుని లాగినట్టు నీరసించిపోతుంది. మా ఆవిడకి కంట్లో ఇంజెక్షన్ల కోసం ఆరు వారాలకొకసారి రాయపూర్ వెళ్ళాలి. సుమారు 115 కిలోమీటర్లు. రైళ్ళ ఊళ్ళో ఉంటూ కారేమిటి అంటారేమో. కంటికి కట్టు కట్టిన మనిషిని చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫారం మెట్లు ఎక్కించి దించినవాళ్ళు ఆ మాట అనరు. పైగా ఆ రోడ్డు మీద నడిచేవన్నీ ట్రెయిలర్లు. ఒక ట్రెయిలర్‌ని దాటబోయి సగంలో కారు నీరసించిపోవడం ఎలా ఉంటుందో ఒకసారి చవిచూశాం. కాబట్టి ఇది సరదాకి చేసిన పని కాదు.

నేను బి.కాం. చదివినవాణ్ణి. రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్ఫై చిల్లర ఏళ్ళు చేసి రిటైరయ్యాను. యూనిట్లకి ఆడిట్‌కి వెళ్ళినప్పుడు మోటారు వాహనాల కార్ డైరీలు తనిఖీ చేసేవాళ్ళం. ఏ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని లీటర్లు తాగింది, లీటరుకి ఎంత ఇచ్చింది అనే లెక్క. వేల బండ్ల లెక్క చూశాను, ఒక్క బండి బానెట్ ఎత్తి చూడలేదు. పానా పట్టుకోవడం అరవై దాటాక నేర్చుకున్నాను. కానీ ఆ ఉద్యోగం ఒకటి అలవాటు చేసింది. ఎవరేం చెప్పినా, 'ఇది నిజమైతే ఇంకా ఏమేం కనబడాలి?' అని అడగడం. కనబడవలసినది కనబడకపోతే ఆ కాగితం పక్కన పెట్టేయాలి.

అలా ఒక్కొక్కటే చూద్దామని కూర్చున్నాను. బి.ఎస్.-6 డీజిల్ దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. గంధకం 50 పి.పి.ఎం. నుంచి 10కి తగ్గింది. మా కారు నాలుగున్నరేళ్ళుగా అదే తాగుతోంది. జబ్బు 2024 అక్టోబరులో మొదలైంది. నాలుగున్నరేళ్ళు ఊరుకున్న విషం ఒక్కసారిగా ఎక్కడం కష్టం. ఆ కాగితం పక్కన పెట్టాను.

కిరసనాయిలు సంగతి అంత తేలిగ్గా తీసేయడానికి వీల్లేదు. కల్తీ మన దేశంలో కట్టుకథ కాదు. 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖీరీ జిల్లాలో ఇండియన్ ఆయిల్ అధికారి మంజునాథ్ షణ్ముగం కల్తీ బంకుని మూయించినందుకు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఐ.ఐ.ఎం.లో చదువుకున్న కుర్రాడు, ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. కాబట్టి అనుమానించే హక్కు మనకుంది. అయితే అనుమానిస్తే కొలవాలి కదా! డీజిల్ సాంద్రత చూపించమని అడిగే హక్కు ప్రతి వినియోగదారుడికీ ఉంది. బంకులో హైడ్రోమీటరు, థర్మామీటరు, గాజు జాడీ ఉంచి తీరాలి. కొలిచిన సాంద్రతని పట్టిక చూసి 15 డిగ్రీల సెల్సియస్‌కి మార్చి, ఆ రోజు నమోదైన అంకెతో పోల్చాలి. ఘనపు మీటరుకి 3 కిలోల కంటే ఎక్కువ తేడా ఉంటే అనుమానించాలి. నేను అడిగాను. బంకు కుర్రాడు నన్ను వింతగా చూశాడు గానీ జాడీ తెచ్చాడు. తేడా 1 కూడా లేదు. ఇంకో మాట. కిరసనాయిలు డీజిల్‌లో పూర్తిగా కలిసిపోతుంది. ఏ ఫిల్టరు కాగితమూ దాన్ని పట్టి ఆపలేదు. అంటే కల్తీకీ ఫిల్టరు మూసుకుపోవడానికీ సంబంధం కలపడం కూడా కుదరదు.

మరి ఫిల్టరు ఎందుకు గుర్తొచ్చింది? లక్షణాన్ని బట్టి. డీజిల్ ట్యాంకులోనుంచి ఫిల్టరు గుండా పంపుకి, పంపు నుంచి ఇంజెక్టర్లకి వెళుతుంది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో ఇంజెక్టరు రంధ్రం మిల్లీమీటరులో పదో వంతు మాత్రం ఉంటుంది. దాని గుండా డీజిల్‌ని 1,600 బార్ల ఒత్తిడితో, కొన్నిటిలో ఇంకా ఎక్కువతో, చిమ్ముతారు. మన కారు టైరులో గాలి 2 బార్ల పైచిలుకు, అదీ తేడా. అలాంటి చోట ఇసుక రేణువు ఒకటి చాలు, నీటిబొట్టు ఒకటి చాలు. అందుకే ఫిల్టరు రెండు పనులు చేస్తుంది. కొన్ని మైక్రాన్ల మురికిని మడతల కాగితంలో పట్టి ఉంచుతుంది (మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్లు వేసుకోండి). నీటిని విడదీసి అడుగున దింపుతుంది. నీటికి డీజిల్ కంటే బరువెక్కువ కాబట్టి అది అడుగునే కూర్చుంటుంది. నీరెక్కడిదంటారా? ట్యాంకులో ఖాళీ ఉన్న చోట గాలి ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది, చలికి అది చెమరుస్తుంది. బంకు భూగర్భ ట్యాంకులోంచి కూడా కొంత రావచ్చు.

ఆ కాగితం మూసుకుపోతే ఏమవుతుంది? ఇంజను ఊరికే ఆడుతున్నప్పుడు కావలసింది కొంచెమే డీజిల్. ఆ కొంచెం ఎలాగో వస్తుంది. ఎత్తెక్కేటప్పుడు కావలసింది చాలా ఎక్కువ, అది రాదు. ముక్కు దిబ్బడేసినవాడు కుర్చీలో బాగానే కూర్చుంటాడు, మెట్లెక్కమంటే ఎక్కలేడు. మా కారు చేస్తున్నది సరిగ్గా అదే. ఇంజెక్టర్లు పోతే ఎక్కువగా ఊరికే ఆడేటప్పుడు కూడా ఇంజను కుదుపుతుంది, పొగ పెరుగుతుంది. మా దానికి ఆ రెండూ లేవు. ఇది రుజువు కాదు, తూకం మాత్రమే. కానీ ఒక వైపు రూ. 840 ఫిల్టరు, రెండో వైపు రూ. 68,000 ఇంజెక్టర్లు ఉన్నప్పుడు ముందు ఏది పరీక్షించాలో చెప్పడానికి కామర్స్ డిగ్రీ కూడా అక్కర్లేదు.

ఒక్క చిక్కు. సర్వీసు బిల్లుల ఫైలు తీస్తే, డీజిల్ ఫిల్టరు రెండుసార్లు మార్చినట్టు ఉంది. 2018లో ఒకసారి, 2023 నవంబరులో ఒకసారి. అంటే ఏడాది కూడా తిరక్కుండానే, 9,000 కిలోమీటర్లకే మూసుకుపోయిందన్నమాట. కంపెనీ పుస్తకం ప్రకారం దాని ఆయుర్దాయం 30,000. ఈ ఒక్క కారణంతోనే ఇంజెక్టర్ల మెకానిక్కు ఫిల్టరు మాట కొట్టిపారేశాడు. 'బాబూజీ, బిల్లు ఉంది కదా, కొత్తదే కదా' అన్నాడు. బిల్లు ఉండడం వేరు, వస్తువు ఉండడం వేరు. ఆడిట్‌లో మొదటి నెల నేర్పే పాఠం ఇది. వోచరు అనేది ఒకరు చేసిన ప్రకటన. స్టోరులోకి వెళ్ళి లెక్కపెట్టిందాకా అది వస్తువు కాదు.

అయస్కాంతాల సంగతి కొంచెం చెప్పుకోవాలి. మన సంఘం మిత్రుల్లోనే ఒకరు 'ప్రయత్నిస్తే పోయేదేముంది' అన్నారు కనుక. ఇంధనం ఆదా చేసే ఇలాంటి పరికరాలని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఇ.పి.ఏ. ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ వచ్చింది. వందకు పైగా పరీక్షించింది. బహు కొద్దిటిలో స్వల్ప ప్రయోజనం కనబడింది, మిగతావన్నీ దండగ. మన దగ్గరికొస్తే 1996లో తమిళనాడుకి చెందిన రామర్ పిళ్ళై మూలికలతో నీటిని పెట్రోలు చేస్తానన్నాడు. పెద్ద పెద్ద వాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆఖరికి 2016లో చెన్నై కోర్టు అతనికి మూడేళ్ళ జైలుశిక్ష వేసింది. ఆ రోజుల్లో నాకు ఆశ్చర్యం వేసింది ఒక్కటే. ఇంత మంది శాస్త్రజ్ఞుల మధ్య ఒక గుమస్తా ఎందుకు లేడా అని. లోపలికి వెళ్ళినవన్నీ తూచి, బయటికి వచ్చినవన్నీ తూచి, కలియబెట్టే కర్రతో సహా జాబితా రాసి ఉంటే ఆ మాయ మొదటి మధ్యాహ్నమే తేలిపోయేది. స్టాకు రిజిస్టరు ముందు ఏ మహిమా నిలవదు.

ఇక మా అక్కయ్య. నాన్నగారు రైల్వేలో పనిచేయడం వల్ల మేమంతా ఇక్కడే పెరిగాం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఈ ఊళ్ళో తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వాటితోపాటు మన నమ్మకాలూ వచ్చాయి, ఇక్కడివీ వచ్చి కలిశాయి. ఇక్కడ కొత్త బండి కొంటే రతన్‌పూర్ మహామాయ గుడికి తీసుకెళ్ళి పూజ చేయిస్తారు. మేము చేయించలేదు. పదకొండేళ్ళ తరువాత కారు నీరసించడానికి అదే కారణమని ఆవిడ అభిప్రాయం. నేను ఫిల్టరు కొని ఇంట్లో పెట్టుకున్న రోజునే ఆవిడ నిమ్మకాయ, ఏడు మిరపకాయలు దారానికి గుచ్చి తెచ్చి ముందు బంపరు కింద కట్టింది. 'ఒరే, నీ పని నువ్వు చేసుకో, నా పని నేను చేస్తాను' అంది. నాకంటే ఏడేళ్ళు పెద్దది, చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. ఆవిడతో వాదించి గెలవడం నా ధ్యేయం కాదు. కానీ ఇప్పుడొక అసలైన సమస్య వచ్చిపడింది చూడండి. ఇవాళ నిమ్మకాయ కట్టారు, రేపు ఫిల్టరు మారుస్తాను, ఎల్లుండి కారు బాగుపడుతుంది. బాగుచేసింది ఏది? 'ఫిల్టరు మార్చాక బాగైంది' అన్న వాక్యానికీ 'నిమ్మకాయ కట్టాక బాగైంది' అన్న వాక్యానికీ బలంలో వెంట్రుకవాసి తేడా లేదు. మనం హేతువాదులం కనుక మన వాక్యానికి రాయితీ ఏమీ ఉండదు.

అందుకని పానా పట్టుకోకముందే నోటు పుస్తకంలో మూడు సంగతులు రాసి తేదీ వేశాను. ఒకటి, తీసిన ఫిల్టరులో నీరుంటుంది. రెండు, కోసి చూస్తే కాగితం నల్లగా పూడిపోయి ఉంటుంది. మూడు, తిఫ్రా ఓవర్‌బ్రిడ్జి పరీక్షలో అంకె మారుతుంది. ఆ పరీక్ష ఇది. ఆదివారం తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, వంతెన మొదట్లో మూడో గేరులో సరిగ్గా 40 వేగంతో ప్రవేశించి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కాలి. పైన ఫలానా దీపస్తంభం దగ్గర వేగం ఎంతో చూడాలి. పక్కింటి కాలేజీ కుర్రాడు పక్క సీట్లో కూర్చుని ఫోనులో జీపీఎస్ వేగాన్ని వీడియో తీశాడు, చదవడంలో ఎవరి చేతివాటమూ ఉండకుండా. ఫిల్టరు మార్చకముందు, నిమ్మకాయ ఉండగానే, మూడుసార్లు: 31, 29, 30. నిమ్మకాయ కట్టకముందు వారం తీసినవి 30, 31, 30. (ఇక్కడికే సగం కథ అయిపోయింది, కానీ అక్కయ్య 'దానికి వారం పడుతుంది' అంది.)

ఇప్పుడు పని సంగతి. 'డీజిల్ అంటుకోదు, భయం లేదు' అని చాలామంది ధైర్యం చెప్పారు. పెట్రోలుతో పోలిస్తే నిజమే. పెట్రోలు ఆవిరి సున్నాకి చాలా దిగువన కూడా అంటుకుంటుంది. కానీ మన భారతీయ ప్రమాణం ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింటు కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు. బిలాస్‌పూర్‌లో మే నెల మధ్యాహ్నం నీడలోనే 44 ఉంటుంది. ఇంజను కంపార్టుమెంటులో ఎంత ఉంటుందో ఊహించుకోండి. 'డీజిల్ అంటుకోదు' అన్న లోకజ్ఞానం చలిదేశపు చలికాలానికి సరిపోతుంది గానీ మనకి కాదు. అందుకని 2025 జనవరిలో, చలి పొద్దున, రాత్రంతా చల్లారిన ఇంజను మీద, ఆరుబయట చేశాను. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేశాను. పక్కన ఇసుక బకెట్టు పెట్టుకున్నాను. చేతులకి రబ్బరు తొడుగులు, కళ్ళకి అద్దాలు. మా ఆవిడ 'ఏమండీ, ఆపరేషనా?' అంది.

కొత్తవాళ్ళకి ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. ఫిల్టరు ఉన్నది తక్కువ ఒత్తిడి వైపు. పంపు దాటాక ఇంజెక్టర్లకి వెళ్ళే ఇనుప గొట్టాలు ఉంటాయి, వాటిని ముట్టుకోకూడదు. అక్కడ లీకు ఉందేమోనని వేలు పెట్టి తడిమితే డీజిల్ సూదిలా చర్మంలోకి దిగుతుంది. పైకి చిన్న గాటులాగే ఉంటుంది, లోపల కండ కుళ్ళి వేలు తీసేయాల్సి రావచ్చు. లీకు చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి, చేత్తో కాదు. పెట్రోలు కార్లలో, అందులోనూ ఫిల్టరు ట్యాంకులోపలే ఉండే వాటిలో, కొత్తవాళ్ళు ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

మా దాంట్లో ఫిల్టరు డబ్బా ఇంజను వెనక గోడకి ఒక ఇనుప పట్టీలో కూర్చుని ఉంటుంది. ప్రతి అంగా విప్పేముందు ఫొటో తీశాను, తిరిగి పెట్టేటప్పుడు ఏ పైపు ఎక్కడిదో తెలియాలి కదా. ముందుగా అడుగున ఉన్న నీటి మర కింద గాజు సీసా పెట్టి వదిలాను. తరువాత పైపుల క్లిప్పులు ప్లేయరుతో నొక్కి జరిపి, పైపుల్ని లాగకుండా కొద్దిగా మెలితిప్పి తీశాను. పదకొండేళ్ళ రబ్బరు, లాగితే చిరుగుతుంది. తీసిన పైపు మూతుల్లోకి దుమ్ము పోకుండా పాలిథీన్ చుట్టాను. వ్యాపార్ విహార్ గాలిలో సిమెంటూ పప్పుల పొట్టూ రెండూ ఉంటాయి. పట్టీ బోల్టు 10 నంబరు పానాతో వచ్చింది. అడుగున ఉన్న నీటి సెన్సారుని పాతదాని నుంచి విప్పి, కొత్త ఓ రింగుకి డీజిల్ తడి రాసి కొత్తదానికి బిగించాను. అంతే. అసలు పని ఇరవై నిమిషాలు, భయం ఒక గంట.

కొత్త ఫిల్టరు కొనడం మటుకు వేరే పురాణం. దుకాణదారు మూడు పెట్టాడు. అసలుది, డూప్లికేటు, 'కంపెనీ జైసా'. మూడోది ఏమిటని అడిగితే 'కంపెనీలాంటిదే, కంపెనీ కాదు' అన్నాడు, చాలా నిజాయితీగా. డబ్బా మీద మెరిసే హోలోగ్రాం మూడింటికీ ఉంది. నేను కారు పుస్తకంలోని పార్టు నంబరు, డబ్బా మీది నంబరు, లోహం మీద కొట్టిన నంబరు మూడూ కలిసినదే తీసుకున్నాను.

బిగించాక పైపుల్లో గాలి ఉంటుంది, దాన్ని తరిమేయాలి. కొంతమంది కొత్త ఫిల్టరులో డబ్బాతో డీజిల్ పోసి బిగిస్తారు. వడపోయని డీజిల్ నేరుగా శుభ్రమైన వైపుకి చేరుతుంది కనుక ఆ పద్ధతి ఈ ఇంజన్లకి మంచిది కాదు. ఫిల్టరు తల మీద చేతిపంపు ఉంటుంది, దాన్ని నొక్కుతూ పోవాలి. మొదట మెత్తగా దిగుతుంది, నలభై యాభైసార్లకి గట్టిపడుతుంది. అప్పుడు బ్యాటరీ వైరు తగిలించి తాళం తిప్పాను. పది సెకన్లు తిప్పి ఆపడం, నిమిషం ఆగడం, మళ్ళీ. మూడోసారికి దగ్గి అందుకుంది. అట్టముక్కతో అన్ని అతుకులూ చూశాను, తడి లేదు.

ఇక సీసా. అడుగున ఒక పొర, పైన ఒక పొర, మధ్యలో గీత గీసినట్టు. అక్కయ్య 'రెండూ డీజిలే, ఒకటి చిక్కనిది' అంది. సరే, వంటింట్లోంచి జిలేబీ రంగు చిటికెడు తెచ్చి వేశాను. ఆ రంగు నీళ్ళలో కరుగుతుంది, డీజిల్‌లో కరగదు. పైపొర గుండా గింజల్లా రాలి, అడుగుపొరలో పడగానే నారింజరంగు విచ్చుకుంది. దగ్గుమందు మూతతో కొలిస్తే 85 మి.లీ. నీరు. రెండు పొరల నడుమ నల్లటి జిగురు తెర ఉంది. డీజిల్‌నీ నీటినీ ఆనుకుని బతికే బూజు జాతులు ఉన్నాయి, అవే కావచ్చు. మైక్రోస్కోపు లేదు కనుక దాని జోలికి పోను. డబ్బాని ఆక్సా బ్లేడుతో కోసి కాగితం విప్పాం. మడతల మధ్య నల్లటి మడ్డి, వేలితో గీస్తే గాడి పడుతోంది. నోటు పుస్తకంలోని మొదటి రెండూ సరిపోయాయి. గమనించండి, దిష్టి సిద్ధాంతం ఈ రెంటి గురించీ ముందుగా ఏమీ చెప్పలేదు. ఇంజెక్టర్ల సిద్ధాంతం కూడా చెప్పలేదు.

తరువాతి ఆదివారం వంతెన మీద: 47, 48, 47. మూడోదీ సరిపోయింది.

అక్కయ్య వెంటనే 'నేను చెప్పలేదా, వారం పడుతుందని' అంది. నిజానికి ఆవిడ చెప్పింది! అన్యాయం చేయకూడదు. సంఘం మిత్రులొకరు, పాత ఫిల్టరు మళ్ళీ పెట్టి వేగం తగ్గుతుందేమో చూస్తేగాని రుజువు పూర్తికాదన్నారు. సిద్ధాంతం ప్రకారం సరైన మాటే. కానీ కోసేసిన ఫిల్టరు పెట్టలేం, పెట్టగలిగినా ఆ మడ్డిని ఇంజెక్టర్లలోకి పంపే పరీక్ష నేను చేయను. నిమ్మకాయని తీసి పెట్టడానికి మాత్రం ఖర్చూ లేదు, ప్రమాదమూ లేదు. అక్కయ్యని అడిగాను. కాసేపు ఆలోచించి, కొత్త నిమ్మకాయ తనే ఇస్తానంది, కట్టే దారం కూడా. పరీక్ష ఇలా. ప్రతిసారీ నేను అటు తిరిగి నిలబడతాను. కుర్రాడు నాణెం ఎగరేసి, బొమ్మ పడితే కడతాడు, బొరుసు పడితే కట్టడు. ఏం చేశాడో తన కాగితంలో రాసుకుని జేబులో పెట్టుకుంటాడు. డ్రైవరు సీట్లోంచి బంపరు కింద ఏముందో కనబడదు. అలా ఎనిమిదిసార్లు ఎక్కి దిగాం. తరువాత అక్కయ్య చేతనే కాగితం విప్పించాం. నిమ్మకాయ ఉన్నప్పుడు 47, 46, 48, 47, 47. లేనప్పుడు 48, 47, 47. ఎనిమిదిసార్లు కొంచెమే, కుర్రాడికి తెలుసు కనుక పూర్తి గుడ్డి పరీక్షా కాదు. కానీ 30 నుంచి 47కి లేపిన శక్తి అదే అయితే, తీసేసినప్పుడు ఒక్కటైనా కిందికి పడాలి.

అక్కయ్య కాగితం రెండుసార్లు చదివింది. 'దిష్టి అప్పుడే పోయిందిరా. పోయిన దిష్టికి ఇంకా నిమ్మకాయ ఎందుకు, అందుకే తేడా లేదు' అంది. నేనేమీ అనలేదు. అయితే ఆ నెలాఖరున తన కొడుకు స్కూటరు మొరాయిస్తే నాకు ఫోను చేసి 'ముందు ఆ కాగితం సంగతి చూడు' అంది. స్కూటరుకి కాగితం ఎయిర్ ఫిల్టరు ఉంటుందని ఆవిడకి ఎలా తెలిసిందో నాకు తెలియదు.

నా వైపు లెక్కలో కూడా ఒక లోటు ఉంది, చెప్పాలి. ఆ రోజు నేను రెండు పనులు కలిపి చేశాను, నీరు వదిలాను, కాగితం మార్చాను. బాగుచేసింది నీటిని వదలడమా, కాగితాన్ని మార్చడమా అన్నది ఈ అంకెలతో తేలదు. మడ్డి చూశాక కాగితమే అని నా అంచనా.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. పాత డబ్బా అడుగున లోహం మీద కొట్టిన తయారీ ముద్ర ఉంది: 04 13. అంటే 2013 ఏప్రిల్. కారు కొన్నది 2013 జూన్. బిల్లుల ప్రకారం రెండుసార్లు మార్చిన ఫిల్టరు ఇది!

తొందరపడి తీర్పు చెప్పకూడదు. సర్వీసు సెంటరుకి డబ్బా పట్టుకెళ్ళి చూపిస్తే మేనేజరు 'పాత స్టాకు అయుంటుంది సార్' అన్నాడు. అసాధ్యమేమీ కాదు. గోదాములో పదేళ్ళు పడి ఉన్న సరుకు నేనూ చాలా చూశాను. కాబట్టి ముద్ర ఒక్కటీ సరిపోదు. కానీ నా ఫొటోల్లో ఇంకోటి ఉంది. ఫ్యాక్టరీలో బోల్టు సరిగా బిగించాక గుర్తుగా బోల్టు తల మీదుగా పట్టీ మీదికి రంగు గీత గీస్తారు. మా పట్టీ బోల్టు మీద పసుపు గీత ఉంది. నేను పానా పెట్టకముందు తీసిన ఫొటోలో ఆ గీత బోల్టు నుంచి పట్టీకి తెగకుండా ఉంది. పెట్టాక తీసిన ఫొటోలో రెండు ముక్కలైంది. ఆ బోల్టు వదులు చేయకుండా డబ్బా బయటికి రాదు. పాత స్టాకు అయినా, కొత్త స్టాకు అయినా, అక్కడికి ఎవరి పానా వెళ్ళలేదు. మేనేజరు ఫొటోలు చాలాసేపు చూశాడు. 'మెకానిక్కులు మారిపోయారు సార్' అన్నాడు.

రాతపూర్వకంగా నోటీసు ఇచ్చాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం జిల్లా కమిషన్‌కి రెండేళ్ళలోపు వెళ్ళాలి. 2018 బిల్లుకి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది, 2023 నవంబరు బిల్లుకి దాటలేదు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫిర్యాదు రుసుము కూడా లేదు. ఈ సంగతులు నోటీసులో రాశాను. పదమూడో రోజున 2023 బిల్లులోని ఫిల్టరు ధర, కూలి, పన్నుతో సహా ఖాతాలో పడింది. తప్పు ఒప్పుకున్నట్టు ఒక్క అక్షరమూ లేదు, 'గుడ్‌విల్' అని ఉంది. మిత్రులు కొందరు వదలకుండా కమిషన్‌కి వెళ్ళవలసింది అన్నారు. మా ఆవిడ కంటి ఇంజెక్షన్ల మధ్య వాయిదాలకి తిరిగే ఓపిక నాకు లేదు. ఆ సెంటరుకి వెళ్ళే నలుగురు తెలిసినవాళ్ళకి మాత్రం వాళ్ళ ఫిల్టరు మీది ముద్ర ఎలా చదవాలో చూపించాను. అందులో ఇద్దరి కార్లలో ముద్రా బిల్లూ సరిపోయాయి. ఒకరిది సరిపోలేదు. నాలుగో ఆయన చూడనన్నాడు. 'చూస్తే మనసు పాడవుతుంది, వదిలేయండి' అన్నాడు.

కొత్త ఫిల్టరు మీద పెయింటు పెన్నుతో తేదీ, 82,140 అని రాశాను, బోల్టు మీద నా గీత నేనే గీశాను. తరువాతి మార్పు 1,12,000 దగ్గర. నీటి మర మాత్రం వానాకాలం అయ్యాక ఒకసారి వదులుతాను. కోసిన పాత ఫిల్టరునీ జిలేబీ రంగు సీసానీ పారేయలేదు, వచ్చే సమావేశానికి తెస్తాను. చూడదలచినవారు చూడవచ్చు. ముట్టుకుంటే మటుకు రెండు రోజులు చేతి వాసన పోదు.